సాక్షి లేని చుక్క

తన కుర్చీలో ఎవరో కూర్చున్నారని వదినకు కూర్చోగానే తెలిసిపోయింది. ఆమె పొడగరి. కుర్చీని ఎత్తుగా పెట్టుకుంటుంది. ఆ ఉదయం కూర్చుంటే ఒక బెత్తెడు కిందికి దిగబడింది, మోకాళ్ళు పైకి లేచాయి. కుర్చీ దిగాలంటే పక్కనున్న మీట నొక్కాలి. మీట దానంతట అది నొక్కుకోదు.

ఎవరినీ పిలవలేదు, ఏమీ అడగలేదు. ముందు బల్లంతా కళ్ళతో వెతికింది. తెర కొంచెం పక్కకు తిరిగి ఉంది. నిన్న వెళ్ళేముందు శుభ్రంగా తుడిచిన తెరమీద ఒక వేలిముద్ర కనబడింది. ఊరికే తగిలిన వేలు కాదది. ఇదిగో ఇది అని చూపించడానికి ఆనించిన వేలు.

గది మధ్యలో ఇనుప అల్మరా ఉంది. దాని అవతలినుంచి ఆడపడుచు పిచ్చుక గొంతు వినబడింది.

"వచ్చావా వదినా? ఇవాళ నాకంటే వెనకబడ్డావు."

"నువ్వే ముందొచ్చినట్టున్నావు."

"ముందు బస్సు దొరికింది."

"ముందు బస్సు రోజూ ఉంటుంది. నువ్వే ఉండవు."

అవతలినుంచి నవ్వు వినబడింది. ఇద్దరూ ఉండేది ఒకే ఇంట్లో. వదిన, ఆమె భర్త కింద ఉంటారు. భర్త చెల్లెలు పిచ్చుక పైగదిలో ఉంటుంది. ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే మెట్లెక్కి వెళ్ళిపోవడానికి అది వీలుగా ఉంటుందని ఆమే చెబుతుంది. పనికి చేరినప్పటినుంచీ ఇద్దరూ ఒకే బస్సులో, ఒకే సీట్లో కూర్చుని వచ్చేవాళ్ళు. ఈమధ్యే పిచ్చుక ముందు బస్సు పట్టుకోవడం మొదలుపెట్టింది.

వదిన మీట నొక్కి కుర్చీని పైకి లేపుకుంది. వేలిముద్రను మాత్రం వెంటనే తుడవలేదు. చాలాసేపు దానివంకే చూసింది.

ఆ పరిశీలనశాలలో ఆమెను అందరూ వదిన అనే పిలుస్తారు. పిచ్చుకకు అక్కడ పని ఇప్పించింది ఆమే. పెద్దసారు దగ్గరకు నాలుగైదుసార్లు తిరిగి, పిల్ల చురుకైనది, చూపు మంచిది, నా పూచీ అని చెప్పి ఒప్పించింది. పనిలో చేరిన రోజు ఆ పిల్ల గుమ్మంలోంచే "వదినా, నా బల్ల ఏది" అని అరిచింది. మర్నాటినుంచి వయసులో పెద్దవాడైన పెద్దసారు కూడా ఆమెను వదినగారూ అనడం మొదలుపెట్టాడు.

వాళ్ళు చేసే పని గ్రహశకలాల వెలుగును కొలవడం. గ్రహశకలం అంటే సూర్యుడి చుట్టూ తిరిగే ఒక రాతిముక్క. దానికి సొంత వెలుగు లేదు, ఎండ పడితే మెరుస్తుంది. చాలావాటికి గుండ్రటి రూపం కూడా ఉండదు. బంగాళదుంపలా ఒకవైపు వెడల్పుగా, ఒకవైపు సన్నగా ఉంటాయి. తనచుట్టూ తాను తిరుగుతూ వెడల్పు వైపు మనకు చూపిస్తే వెలుగు పెరుగుతుంది, సన్నటి కొస చూపిస్తే తగ్గుతుంది. ఆ పెరగడం తగ్గడం వరసగా కొలిచి గీత గీస్తే దిబ్బ, పల్లం, మళ్ళీ దిబ్బ, మళ్ళీ పల్లం వస్తాయి. ఆ గీతను చూసి రాయి ఎంతసేపట్లో ఒక చుట్టు తిరుగుతుందో, ఎలాంటి ఆకారంలో ఉందో చెబుతారు.

అయితే రాయి వెలుగును ఒక్కదాన్నే కొలిస్తే ఏమీ తేలదు. ఆకాశంలో పలచటి మంచు తెర పట్టినా అది తగ్గుతుంది. అందుకని అదే ఫొటోలో రాయికి దగ్గర్లో ఉన్న ఒక నక్షత్రాన్ని పట్టుకుని, దానికంటే ఎంత ఎక్కువ, ఎంత తక్కువ అని చూస్తారు. మంచు పడితే రెండిటి మీదా పడుతుంది కనుక పేచీ ఉండదు. ఆ నక్షత్రాన్ని గదిలో పోలిక చుక్క అంటారు. మరి ఆ పోలిక చుక్క నిలకడైనదో కాదో ఎలా తెలుస్తుంది? దాన్ని ఇంకో నక్షత్రంతో సరిచూస్తారు. ఆ రెండోది సాక్షి చుక్క.

రాత్రి దుర్భిణి దగ్గర ఒక మనిషి కూర్చుని ఫొటోలు తీస్తాడు. పగలంతా పడుకుంటాడు కనుక అతన్ని గుడ్లగూబ అంటారు. అతను తీసిన ఫొటోలనే పగలు ఇద్దరూ విడివిడిగా కొలవాలి. ఎవరి పోలిక చుక్కను వాళ్ళే ఎంచుకోవాలి. ఒకరి తెర ఒకరు చూడకూడదు. ఇద్దరి గీతలూ కలిస్తే కొలత మంచిదని లెక్క. మధ్యలో అల్మరా పెట్టింది అందుకే.

అలాంటి గదిలో వదిన తెరమీద వేలిముద్ర పడింది.

ఆ విడత కొలుస్తున్న రాయికి దుంప అని పేరు పెట్టుకున్నారు. దుంప ఆ రోజుల్లో మలుపు దగ్గర ఉంది. ఆకాశంలో ఒకవైపు జరుగుతూ కనబడే రాళ్ళు కొన్నాళ్ళకు ఆగి, వెనక్కు నడుస్తున్నట్టు కనబడతాయి. ఆ ఆగే రోజుల్లో రాత్రి తర్వాత రాత్రి అవే నక్షత్రాల మధ్య తారట్లాడతాయి. కొలిచేవాళ్ళకు అంతకన్నా సుఖం లేదు. మామూలుగా అయితే రాయి జరిగిపోతుంటే రోజూ కొత్త పోలిక చుక్క వెతుక్కోవాలి. ఇప్పుడు ఒకదాన్ని పట్టుకుంటే విడతంతా అదే సరిపోతుంది. దుంపకు ఎడమపక్కన ఉన్న చుక్కను వదిన మొదటి రోజే ఎంచుకుంది. దాదాపు దుంపంత వెలుగు. సాక్షితో సరిచూస్తే గీత చదునుగా వచ్చింది. ఇక దాని గురించి ఆలోచించలేదు.

ఆలోచించడానికి ఆమెకు వేరే సంగతులు ఉన్నాయి. కొత్త కంప్యూటర్లు వస్తున్నాయనీ, ఈ విడత అయ్యాక కొలిచే గదిలో ఒక్కరు చాలనీ పెద్దసారు చెప్పాడు. ఎవరి గీత నిలబడితే వాళ్ళు ఉంటారు. రెండోవాళ్ళు కింద సందర్శకుల హాలుకు పోవాలి. అక్కడ పని, గాజు మీద చేతులు పెట్టకండి అని రోజంతా పిల్లలకు చెప్పడం. ఆ పని చేసే ముసలాయన ఇంట్లో కూడా అదే మాట కలవరిస్తాడని చెప్పుకునేవారు.

వదినకు ఆ గది అంటే ప్రాణం. చుక్క చుట్టూ చిన్న చక్రం గీయడం, దానిచుట్టూ ఖాళీ ఆకాశానికి పెద్ద చక్రం గీయడం, ఆ ఖాళీలోని మసక వెలుగును లోపలి వెలుగులోంచి తీసేయడం, ఇవన్నీ ఆమె చేతికి అలవాటైపోయాయి. ఆ కుర్చీ పోతే తనకింకేం మిగలదని ఆమెకు తెలుసు. ఆ సంగతి పిచ్చుకకూ తెలుసు. పిచ్చుకకు తెలుసన్న సంగతే ఇప్పుడు మనసులో ముల్లులా గుచ్చుకుంటోంది.

ఆ తర్వాత చూసినవన్నీ ఒకే దారికి వచ్చి కలిశాయి. పిచ్చుక మధ్యాహ్నం డబ్బా పట్టుకుని ఇవతలికి రావడం మానేసింది. ఆకలి లేదంటుంది. వదిన లేచి అల్మరా దగ్గరకు వెళితే చప్పున తెర మార్చేస్తుంది. ఎప్పుడూ ఏదో ఒకటి కూనిరాగం తీసే మనిషి, వదిన అడుగుల చప్పుడు వినగానే ఆపేస్తుంది.

విడత చివరి రోజుల్లో ఒక ఉదయం వదిన గీతలో దిబ్బ లేచింది. లేవాల్సిన చోట కాదు. దుంప సన్నటి కొస చూపించే వేళ, పల్లం ఉండాల్సిన చోట, వెలుగు పెరిగి కొంతసేపుండి తగ్గింది. వదిన చక్రాలు మళ్ళీ గీసి చూసింది. దిబ్బ అలాగే ఉంది.

పెద్దసారు తన గదిలో గోడమీది పెద్ద తెరమీద ఇద్దరి గీతలూ ఒకదాని కింద ఒకటి పెట్టించాడు. వదిన గీతలో దిబ్బ ఉంది. పిచ్చుక గీత అటూ ఇటూ నున్నగా ఉండి, సరిగ్గా ఆ చోట ఖాళీగా ఉంది.

"ఇక్కడేమైందమ్మా? గీత మింగేశావా?" అన్నాడు పెద్దసారు.

"మబ్బు పట్టింది సార్. ఆ ఫొటోలు పనికిరావని తీసేశాను." పిచ్చుక తెరవంకే చూస్తూ చెప్పింది.

"వదినగారికి పట్టలేదా మబ్బు?"

"నాకు కనబడలేదు సార్," అంది వదిన.

పెద్దసారు కళ్ళజోడు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నాడు. "వదినగారి గీత నిజమైతే దుంప మీద ఏదో జరిగింది. చిన్న రాయి ఏదో తగిలి దుమ్ము లేచి ఉండొచ్చు. చాలా అరుదు. మిగతా పరిశీలనశాలలకు వెంటనే చెప్పాలి, వాళ్ళూ దుర్భిణులు ఇటు తిప్పుతారు. నిజం కాకపోతే నలుగురిలో నవ్వులపాలవుతాం. ఎల్లుండి తేలుస్తాను. ఈలోగా మీ మీ కొలతలు మీరు మళ్ళీ చూసుకోండి. ఎవరిది నిలబడితే వాళ్ళు గదిలో. చెప్పాను కదా."

బయటికి వస్తూ వదిన పిచ్చుక ముఖంలోకి చూసింది. పిచ్చుక తలుపు గొళ్ళేన్ని చూస్తోంది. అది దాచిపెట్టే ముఖం. తను ఎత్తుకు పెంచకపోయినా ఆ ముఖం ఎప్పుడు ఎలా ఉంటుందో వదినకు తెలుసు.

నా లెక్కల్లో వేలు పెట్టింది, అనుకుంది. దిబ్బ ఆ పిల్లే పెట్టింది. పెట్టి, తన గీతను శుభ్రంగా ఉంచుకుంది. నేను పిచ్చిదాన్నని సారు అనుకోవాలి.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి భర్త గుమ్మంలో పీట వేసుకుని పాత తాళం ఒకటి విప్పుతున్నాడు. ఆయన తాళాలు బాగుచేస్తాడు. చుట్టూ మేకుల్లాంటి చిన్న చిన్న ముక్కలు పరుచుకుని ఉన్నాయి.

"ఏమండీ, నాకో చిన్న తాళం కావాలి."

"ఈ ఇంట్లో తాళాలు అడుక్కోవాలా? దేనికి?"

"ఆఫీసులో నా సొరుగుకు."

"ఆ గదిలో ఉండేది నువ్వూ పిచ్చుకే కదా."

"అందుకే."

ఆయన ఆకురాయి కింద పెట్టాడు. "దాని మీదేనా?"

"నేనేమన్నా అన్నానా?"

"అనలేదు. తాళం అడిగావు." ఆకురాయి మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "దానికి చిన్నప్పుడు తలపిన్నుతో తాళం తీయడం నేనే నేర్పాను. ఇప్పుడు నేనిచ్చే తాళం ఏ మూలకు?"

"మీకు నవ్వులాటగా ఉంది."

"నవ్వలేదే."

పైన చెక్కనేల మీద అడుగుల చప్పుడు అటూ ఇటూ తిరుగుతోంది. ఇంకా దీపాలు కూడా వెయ్యలేదు.

"వినండి. వచ్చిన దగ్గర్నుంచీ అదే నడక. మనసులో ఏదో లేకపోతే ఎందుకలా తిరుగుతుంది?"

"నువ్వు వచ్చిన దగ్గర్నుంచీ కాళ్ళు కడుక్కోకుండా నిలబడే ఉన్నావు. నీ మనసులో ఏముంది మరి?"

ఆయన గోనెసంచిలోంచి వేలెడంత తాళం ఒకటి తీసి, చెవి తిప్పి చూసి, ఆమె చేతిలో పెట్టాడు.

"ఒకటి చెబుతా విను. దాన్ని అక్కడ పెట్టించింది నువ్వు. తీయించాల్సి వస్తే అదీ నువ్వే చూసుకో. నన్ను మధ్యలో నిలబెట్టకు. ఇటు చూస్తే నువ్వు, అటు చూస్తే అది. నాకు రెండు మెడలు లేవు."

మర్నాడు వదిన పిచ్చుక ఎక్కే బస్సుకంటే ముందుదే పట్టుకుంది. పిచ్చుక ఇంకా రాలేదు. సొరుగుకు తాళం బిగించి, పాత కొలతలన్నీ పక్కన పెట్టి, ఆ రాత్రి ఫొటోలను మళ్ళీ మొదటినుంచీ కొలిచింది. గది తలుపు లోపలినుంచి గడియ పెట్టుకుంది. ఎవరూ ముట్టుకోని కొలతలు, తన చేత్తో, తన కళ్ళముందు.

దిబ్బ అక్కడే ఉంది.

ఆమెకు సంతోషం కలగాలి. కలగలేదు. లెక్కలు మారలేదంటే, మార్చినవాళ్ళు లేరనే కదా. ఆ మాట మనసు ఒప్పుకోలేదు. అయితే ఫొటోలే మార్చి ఉండాలి, అనుకుంది.

మధ్యాహ్నం దాటాక వెనకవైపు మెట్ల దగ్గరకు వెళ్ళింది. గుడ్లగూబ అప్పుడే లేచి, జుట్టు రేగిపోయి, టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని ఎండకు కళ్ళు చికిలిస్తున్నాడు.

"దుంపకు దిబ్బ వచ్చిన రాత్రి మబ్బు పట్టిందా?"

"ఎవరన్నారు?"

"ఎవరో అన్నారు."

"ఆ ఎవరో ఎవరో గానీ, నా ముందు అనమనండి. మబ్బు పడితే నాకు పండగ. దుర్భిణి మూసి కునుకు తీస్తాను. ఆ రాత్రి రెప్ప వాల్చలేదు. ఆకాశం కడిగిన గాజులా ఉంది."

"ఫొటోలు ఎవరైనా మార్చగలరా?"

అతను గ్లాసు దించి ఆమెవంక చూశాడు. "వదినగారూ, చీకట్లో ఒంటరిగా కూర్చునేవాణ్ణి నేను. లేనిపోని అనుమానాలు రావాల్సింది నాకు. మీరు పట్టపగలు పనిచేస్తారు కదా."

"మార్చగలరా లేదా?"

"దుర్భిణి గదిలో అసలువి ఉంటాయి. ఆ తాళంచెవి నా మెడలో ఉంటుంది. కావాలంటే పట్టుకెళ్ళి చూసుకోండి."

పట్టుకెళ్ళి చూసుకుంది. అసలు ఫొటోల్లోనూ దిబ్బ అలాగే వచ్చింది. దాంతో ఆమె అనుమానంలో సగం కూలిపోయింది. కూలిన సగం బరువు కూడా మిగిలిన సగం మీదకు వచ్చి పడింది. లెక్కలు మార్చలేదు, ఫొటోలు మార్చలేదు. సరే. మరి లేని మబ్బును ఎందుకు పుట్టించింది? అబద్ధమాడిన మనిషి ఏదో ఒకటి చేసే ఉంటుంది. ఏం చేసిందో తెలియకపోతే అడగాల్సింది నలుగురి ముందే.

చెప్పిన రోజు పెద్దసారు ఇద్దర్నీ పిలిచాడు. ఆయన కూర్చోమనకముందే వదిన మొదలుపెట్టింది.

"ఆ రాత్రి మబ్బు లేదు సార్. దుర్భిణి మనిషిని అడిగాను. విడత మొదట్లో ఈ పిల్ల నా కుర్చీలో కూర్చుంది. నా తెర చూసింది. ఇప్పుడు కొలతలు దాచి మబ్బని చెబుతోంది. నా గీత తప్పని మీచేత అనిపించి నన్ను కిందికి పంపాలని చూస్తోంది."

అంత పొడుగు మాట తను ఆ గదిలో ఎప్పుడూ మాట్లాడలేదు. పిచ్చుక ముఖం పాలిపోయింది.

"ఏమ్మా?" అన్నాడు పెద్దసారు.

"మబ్బు లేదు సార్. నేనే తీసేశాను."

"ఎందుకు?"

"బాగా రాలేదని."

"బాగా రాకపోవడమేమిటి? నువ్వేమన్నా ఫొటో దిగావా, మొహం బాగా రాలేదని చింపేయడానికి?" పెద్దసారు గొంతు పెంచలేదు. అదే ఎక్కువ భయంగా ఉంది. "కొలిచినది కొలిచినట్టు ఉంచడమే ఇక్కడ పని. వదినగారి గీతే పంపిస్తున్నాను. ఈ పూటే రాస్తాను. సోమవారంనుంచి నువ్వు కింద హాల్లో ఉండు."

వరండాలోకి వచ్చాక వదినకు గెలిచినట్టు అనిపించలేదు. ఏదో అరగనట్టు ఉంది. పిచ్చుక గోడకు ఆనుకుని నిలబడింది.

"నన్ను దొంగన్నావు వదినా."

"ఆ మాట అనలేదు."

"ఇంకేం మిగిల్చావు?"

"నా కుర్చీలో కూర్చున్నావా లేదా? అది చెప్పు."

"కూర్చున్నాను. ఒక్కసారి. చుక్క చూడడానికి."

"ఏం చుక్క?"

"నువ్వు ఏ పోలిక చుక్క పట్టుకున్నావో చూడడానికి. నాకు ఎంచుకోవడం అంటే ఎప్పుడూ భయమే. ఈసారి గీత పోతే పనే పోతుంది. నువ్వు పట్టుకున్నదే నేనూ పట్టుకుంటే తప్పు రాదనుకున్నాను. అంతే. నీ లెక్కలు ముట్టుకోలేదు. నీ పక్కన కూర్చుని తింటే ముఖంలో తెలిసిపోతుందని అటే కూర్చున్నాను."

"మరి కొలతలు ఎందుకు దాచావు?"

"దిబ్బ వచ్చింది. నీకు వచ్చిన చోటే, అంతే ఎత్తు. నాకు తప్పొచ్చింది, నీకు రాదు అనుకున్నాను. నీకెప్పుడు తప్పొచ్చింది గనక? తీసేశాను. తీరా సారు గదిలో గోడమీద నీ దిబ్బ చూసేసరికి నా ప్రాణం పోయినంత పనైంది. నోట్లోంచి మబ్బు అని వచ్చేసింది. వచ్చాక వెనక్కెలా మింగను?"

వదిన ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. ఇదీ ఒక ఎత్తేనా అన్న ఆలోచన రానే వచ్చింది. కానీ ఆ ఆలోచన వెనకే ఇంకోటి వచ్చి దాన్ని పక్కకు నెట్టింది.

"నా చుక్కేనా నీది?"

"నీదే. ఎడమపక్కది."

"సాక్షితో సరిచూశావా?"

"నువ్వు చూసే ఉంటావు కదా అని..."

"రోజూ చూశావా అని అడుగుతున్నా."

"నువ్వు రోజూ చూశావుగా?"

వదిన గదిలోకి వెళ్ళిపోయింది. పిచ్చుక వెనకాల రాలేదు. హాలు ఎలా ఉంటుందో చూసుకోవడానికి కాబోలు, మెట్లు దిగి వెళ్ళింది.

ఇద్దరు మనుషులు వేరు వేరు చుక్కలతో కొలిచి అదే దిబ్బ చూసి ఉంటే అది దుంప చేసిన పనే. ఇద్దరూ ఒకే చుక్కతో కొలిస్తే ఇద్దరు కొలిచినట్టు కాదు. ఒక్కరే రెండుసార్లు కొలిచినట్టు. పోలిక చుక్క ఆ రాత్రి కాసేపు మసకబారితే, దానితో పోల్చిన దుంప ఏమీ చేయకుండానే వెలిగినట్టు కనబడుతుంది. ఈ మాట వదిన కొత్తవాళ్ళకు ఎన్నిసార్లో చెప్పింది. పిచ్చుకకు కూడా తనే చెప్పింది.

సాక్షి చుక్క మీద చక్రం పెట్టి, ఆ రాత్రి ఫొటోలన్నిటిలో ఎడమపక్క చుక్కను దానితో సరిచూసింది. గీత కొంతదూరం చదునుగా వెళ్ళింది. తర్వాత కిందికి జారింది. సరిగ్గా దిబ్బ వచ్చిన వేళకు గుంటలో కూర్చుని, మళ్ళీ మెల్లగా పైకెక్కి చదునైంది. సాక్షి మీదే అనుమానం వచ్చి వేరే చుక్కలను తీసుకుంది. ఏ చుక్కను అడిగినా అదే గుంట. చుట్టూ ఉన్నవన్నీ ఒక్కమాట మీద నిలబడ్డాయి. దుంప మీద దుమ్మూ లేవలేదు, ధూళీ లేవలేదు. తప్పిందల్లా తను ఎంచుకున్న చుక్క.

కుర్చీని అనుమానించింది. వేలిముద్రను, బస్సును, కూనిరాగాన్ని అనుమానించింది. గుడ్లగూబ మెడలోని తాళంచెవిని కూడా వదల్లేదు. మొదటి రోజు తర్వాత ఆ చుక్కవంక మాత్రం తిరిగి చూడలేదు.

పక్కగదిలో పెద్దసారు టైపు చేస్తున్న చప్పుడు వినబడుతోంది. ఈ గుంట సంగతి ఇంకెవరికీ తెలియదు. మిగతావాళ్ళు దుర్భిణులు తిప్పేసరికి దుంప మామూలుగా ఉంటుంది. దుమ్ము సర్దుకుంది కాబోలు అనుకుంటారు. పిచ్చుక కింద ఉంటుంది. తను ఇక్కడే ఉంటుంది. వదిన చెయ్యి దానంతట అది కదిలి ఆ గీతను మూసేసింది. తెరమీద మళ్ళీ ఫొటో ఒక్కటే మిగిలింది.

బాగా రాలేదని తీసేశాను అన్న గొంతు ఇంకా చెవిలోనే ఉంది. తను ఇప్పుడు చేసిందేమిటి?

గీతను మళ్ళీ తెరిచింది. లేచి వెళ్ళి పెద్దసారు తలుపు తోసింది.

"సార్, అది పంపకండి."

"ఇంకో రెండు మాటలే ఉన్నాయి. కూర్చోండి."

"దుంపకు ఏమీ కాలేదు సార్. చుక్క మసకబారింది."

ఆయన లేచి వచ్చాడు. ఆమె చూపించింది నమ్మకుండా తనే మౌస్ తీసుకుని, తనకు నచ్చిన చుక్కల మీద చక్రాలు పెట్టి చూశాడు.

"జంట చుక్కయి ఉంటుంది," అన్నాడు చివరికి. "రెండు నక్షత్రాలు, మనకు ఒకటిగా కనబడతాయి. ఒకటి రెండోదానికి అడ్డమొచ్చినప్పుడు కాసేపు మసక. మిగతా రోజుల్లో బుద్ధిమంతురాలే. జంట చుక్కల జాబితాల్లో లేదు ఇది." కుర్చీలో వెనక్కు వాలాడు. "రోజూ సరిచూడాలి కదా వదినగారూ."

"మొదటి రోజు చూశాను. తర్వాత నమ్మాను."

"మరి ఆ పిల్ల?"

"ఆ పిల్ల నన్ను నమ్మింది."

పెద్దసారు కింది హాలుకు ఫోన్ చేసి పిచ్చుకను పిలిపించాడు. ఆమె తలుపు దగ్గరే నిలబడింది, లోపలికి రమ్మన్నా రాలేదు. ఇద్దర్నీ ఆయన చెరోసారి చూశాడు.

"ఒకరు దాచారు, ఒకరు చూడలేదు. ఈ విడత కొలిచినదంతా కొత్త చుక్కలతో మళ్ళీ కొలవాలి. ఆదివారాలు హాల్లో వంతులు వేసుకోండి, ఇద్దరూ. ఇక ఉద్యోగం సంగతి. ఒక్కరు చాలనుకున్నాను. ఒక్కరే ఉండి ఉంటే ఈపాటికి ఈ కాగితం ఊళ్ళన్నీ తిరిగేది. ఇద్దరూ ఉండండి. కానీ ఒకరు ఎంచుకున్న చుక్కను రెండోవాళ్ళు నమ్మకూడదు. ప్రతి రాత్రి ఫొటోకూ సరిచూడాలి. చుక్క ఒకరు ఎంచుకుంటే దాని సాక్షిని రెండోవాళ్ళే ఎంచాలి, వాళ్ళే సరిచూడాలి. అనుమానించడానికే జీతం ఇస్తున్నాననుకోండి. ఆ పని మీ ఇద్దరికీ బాగానే వచ్చులాగుంది."

ఎవరూ నవ్వలేదు. వదిన తన బల్ల దగ్గరకు వచ్చి కూర్చుంది. తన కుర్చీ ఉంది. అయినా గట్టిగా కూర్చోవడానికి మనసు రాలేదు.

బస్సులో పిచ్చుక వేరే సీట్లో కూర్చుంది. రెండు రోజులు పని మాట తప్ప మాట్లాడలేదు. వదిన కూడా క్షమించమని అడగలేదు. తన కుర్చీలో ఆ పిల్ల కూర్చున్నది నిజం. అబద్ధం ఆడినదీ నిజం. సారు ముందు తను నింద వేసిందీ నిజమే. ఈ మూడిట్లో ఏది ముందు వెనక్కు తీసుకోవాలో తేలలేదు.

మూడో రోజు అల్మరా అవతలినుంచి పిలుపు వచ్చింది.

"వదినా, చుక్క పెట్టాను. వచ్చి చూడు."

వదిన అటువైపు వెళ్ళి నిలబడింది. చాలా రోజుల తర్వాత ఆ తెరను చూడడం. పిచ్చుక తెర మార్చలేదు.

"ఏది?"

"పైనున్నది."

"దాని పక్కన ఇంకోటి అంటుకుని ఉంది. దాని వెలుగు నీ చక్రంలో పడుతుంది."

"పడదు. కొలిచాను."

"నువ్వు కొలిస్తే సరా?"

"సరి కాదనేగా నిన్ను పిలిచింది."

వదిన కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. పిచ్చుక మౌస్ ఆమెవైపు జరిపి, గొంతు తగ్గించి అడిగింది.

"అన్నయ్యకు చెప్పావా, సారు ముందు నన్నేమన్నావో?"

"చెప్పలేదు."

"నేను చెప్పేశాను."

వదిన చెయ్యి ఆగింది. "ఏమన్నారు?"

"ఇకనుంచి కూరలో ఉప్పు మీ వదిన వేసినా నువ్వొకసారి చూడు, నువ్వు వేస్తే మీ వదిన చూస్తుంది, నేను మాత్రం ఎవరూ చూడకపోయినా తింటాను అన్నాడు."

వదిన నవ్వు రాకుండా పెదవులు బిగబట్టింది. పిచ్చుక అది చూసింది, చూడనట్టు తెరవైపు తిరిగింది.

"సాక్షి ఏది పెడతావు? కింద ఆ మూలది బాగుంది," అంది పిచ్చుక.

"నీకు బాగుందంటే అది వద్దు."

వదిన ముందుకు వంగి, కుడివైపు విడిగా ఉన్న ఒక చుక్క మీద చక్రం పెట్టి, మొదటి ఫొటోనుంచి కొలవడం మొదలుపెట్టింది.